పిడికిలి బలం ఎక్కడికి పోతుంది? సైకిల్ రిమ్ బ్రేకుల లెక్క

మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో సైకిల్ షాపుకి వెళ్లిన మన తెలుగువాళ్లు గేర్లెన్నో అడుగుతారు, బరువెంతుందో లేపి చూస్తారు. బ్రేకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్కటే ప్రశ్న: "అన్నా, డిస్కేనా?" కాదంటే మొహం చిన్నబోతుంది. చక్రం నడుమ బిగించిన రేకుని పట్టి ఆపే డిస్క్ బ్రేకు కానివన్నీ ఒకే గాటన కట్టేసి, అవి పాతవనీ సరిగ్గా పట్టవనీ తేల్చేస్తారు. కానీ చక్రం అంచుని, అంటే రిమ్ముని, పట్టి ఆపే బ్రేకుల్లోనే అరడజను రకాలున్నాయి. ఒకదాని లివరు ఇంకోదానికి పనికిరాదు. ఒకటి వంకర చక్రాన్ని ఓర్చుకుంటుంది, ఇంకొకటి అస్సలు ఓర్చుకోదు. ఈ తేడాలు తెలియక, బ్రేకు మంచిదే అయినా ఆగని సైకిళ్ల మీద బెంగళూరు ట్రాఫిక్‌లో తిరుగుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే ఈ వివరమంతా.

అన్నిటికీ మూలం ఒకటే లెక్క. మన పిడికిలికి బలమూ పరిమితమే, వేళ్లు ముడుచుకునే దూరమూ పరిమితమే. ఆ రెండింటినీ గుణిస్తే వచ్చే పనిని ఏ బ్రేకూ పెంచలేదు, పంచి ఇవ్వగలదంతే. పలుగుతో బండరాయిని కదిపేటప్పుడు మన చేతి వైపు కొస జానెడు దిగితే బండ వేలెడు లేస్తుంది. దూరం ఎంత తగ్గిందో బలం అంత పెరుగుతుంది. బ్రేకులోనూ అదే జరుగుతుంది. లివరు దగ్గర ఎక్కువ దూరం లాగి, రబ్బరు దగ్గర తక్కువ దూరం కదిలిస్తే నొక్కుడు గట్టిగా ఉంటుంది. అయితే రబ్బరు కదిలే దూరం తగ్గిందంటే దాన్ని రిమ్ముకి అంత దగ్గరగా బిగించుకోవాలి, రిమ్ము వంకర లేకుండా తిరగాలి. గట్టి పట్టు కావాలంటే చక్రం చక్కగా ఉండాలి. చక్రం ఎలా ఉన్నా ఫర్వాలేదనుకుంటే పట్టులో కొంత వదులుకోవాలి. రిమ్ బ్రేకుల చరిత్రంతా ఈ బేరం చుట్టూనే తిరిగింది.

రకాల్లోకి వెళ్లేముందు ఇంకో సంగతి. పొడి రోడ్డు మీద సైకిల్ ఎంత తొందరగా ఆగుతుందో చాలాసార్లు నిర్ణయించేది బ్రేకు కాదు. ముందు బ్రేకు గట్టిగా వేస్తే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, ఒక స్థాయి దాటితే వెనక చక్రం గాల్లోకి లేస్తుంది. మామూలు సైకిల్ మీద కూర్చున్న మనిషికి ఆ హద్దు గురుత్వ త్వరణంలో సుమారు 0.6 వంతు. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో ఆ హద్దు వరకూ బ్రేకు వాడుకోగలిగితే నాలుగు మీటర్ల చిల్లరలో ఆగుతాం. వెనక బ్రేకు ఒక్కటే పడితే దాదాపు రెట్టింపు దూరం పోతాం. బరువు ముందుకి పోయేసరికి వెనక టైరుకి పట్టు చిక్కదు, జారిపోతుంది. "ముందు బ్రేకు పట్టకురా, పల్టీ కొడతావు" అని చిన్నప్పుడు ఊళ్లో పెద్దవాళ్లు చెప్పిన మాట మనలో చాలామందికి ఇంకా చేతి వేళ్లలో ఉండిపోయింది. దాన్ని వదిలించుకోవాలి. రెండూ పట్టాలి, ఒంటిని కాస్త వెనక్కి వంచి ముందుదాన్ని ఎక్కువగా, క్రమంగా నొక్కాలి. మన దేశంలో సాధారణంగా కుడి లివరు ముందు చక్రానిది. బయటి దేశం నుంచి తెచ్చుకున్న సైకిలైతే అటూ ఇటూ మారి ఉండొచ్చు, ఎక్కేముందు ఒకసారి నొక్కి చూసుకోండి.

సరిగ్గా అమర్చిన మంచి రిమ్ బ్రేకూ, నూనెతో పనిచేసే డిస్క్ బ్రేకూ పొడి రోడ్డు మీద ఈ హద్దుని చేరుకోగలవు. ఎంత వేలి బలంతో చేరుకుంటాయి, మధ్యలో ఎంత అదుపు దొరుకుతుంది, వానలో ఏమవుతుంది అన్నవే తేడాలు.

మన అందరి ఇళ్లలో మొదట ఉన్నది కడ్డీ బ్రేకు. హెర్క్యులస్, అట్లాస్, హీరో సైకిళ్ల మీద హ్యాండిల్ కింద ఇనుప లివర్లు, వాటి నుంచి కీళ్లతో దిగే కడ్డీలు, చివర గుర్రపు నాడా ఆకారంలో ఒక కమ్మీ, దానికి రెండు రబ్బర్లు. లివరు ఎత్తితే ఆ కమ్మీ పైకి లేచి రబ్బర్లను రిమ్ము లోపలి ముఖానికి, అంటే చువ్వలు దిగే వైపుకి, అదుముతుంది. మద్రాసు అంబత్తూరులో టీఐ సైకిల్స్ 1949లో మొదలైన కాలం నుంచి దశాబ్దాల పాటు మన పాలవాళ్లనీ పోస్టుమేన్లనీ ఆపింది ఇదే. బెంగళూరులో ఇప్పటికీ వెనక టీ క్యాన్ కట్టుకుని రాత్రిళ్లు తిరిగేవాళ్ల సైకిళ్ల మీద కనిపిస్తుంది. దీంట్లో తెగిపోయే వైరు లేదు, రిమ్ము పక్కకి కాస్త వంగినా పట్టించుకోదు. కానీ ప్రతి కీలు దగ్గరా కొంత లూజు, ప్రతి కడ్డీలో కొంత వంపు. మన బలం రబ్బరుకి చేరేలోపే కొంత దారిలో ఖర్చవుతుంది. పైగా ఆ సైకిళ్లకి ఉండేది మెరిసే ఉక్కు రిమ్ము. వాన పడితే దాని సంగతేమిటో తర్వాత చెప్తాను.

తర్వాతది పక్క నుంచి లాగే క్యాలిపర్. చక్రం పైన ఫోర్కులో ఒకే బోల్టు, దాని మీద కత్తెరలా తిరిగే రెండు ఆర్ములు, పక్కన వైరు. దీంట్లో వైరు లాగిన బలానికి దాదాపు సమానమైన బలమే రబ్బరుకి అందుతుంది, పెద్దగా పెరగదు. అందుకే గట్టిగా పిండాలి. పిల్లల సైకిళ్ల మీద రేకు వంచి చేసిన క్యాలిపర్‌లు ఉంటాయి. నొక్కితే ఆర్ములే వంగుతాయి, రబ్బరు సగం బలంతోనే ఆనుతుంది. ఇక ఒక రబ్బరు ఎప్పుడూ రిమ్ముని రాసుకుంటూ ఉండటం దీని పాత జబ్బు. షాపులో మేస్త్రీ స్క్రూడ్రైవర్ మొనను స్ప్రింగు మీద ఆనించి సుత్తితో టిక్కుమని ఒక్కటి తట్టడం మీరు చూసే ఉంటారు. అది మోటు పనిలా కనిపిస్తుంది కానీ రెండు వైపులా స్ప్రింగు బలాన్ని సమానం చేయడానికి పాత రోజుల్లో అదే పద్ధతి. ఇదే నమూనాని బిగువుగా, బాగా చెక్కి చేస్తే ఎంత బాగుంటుందో క్యాంపాన్యోలో కంపెనీ 1968లో తెచ్చిన రికార్డ్ బ్రేకులు చూపించాయి. తర్వాత ఏళ్ల తరబడి రేసు సైకిళ్లకి అవే కొలబద్ద. డిజైన్ పేరు ఒకటే అయినా తయారీ ఎంత తేడా తెస్తుందో దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఆర్ములు తిరిగే బోల్టు, అంటే ఇరుసు, ఒకటి కాకుండా రెండుంటే? డ్యూయల్ పివట్ క్యాలిపర్ అదే. ఒక ఆర్మ్ నడిమి ఇరుసు మీద, ఇంకొకటి పక్కనున్న రెండో ఇరుసు మీద తిరుగుతుంది. రెండూ ఒకదానికొకటి ఆనుకుని కదులుతాయి కాబట్టి ఒక వైపే రాసుకోవడం పోయింది. ఆర్ముల పొడవుల లెక్క మార్చడంతో వైరు బలం కంటే రబ్బరు బలం బాగా పెరిగింది. 1990 ప్రాంతంలో షిమానో వీటిని తన రేసు బ్రేకుల్లో పెట్టాక రోడ్ సైకిళ్లన్నీ ఇటు మళ్లాయి. నా దృష్టిలో సన్న టైర్ల సైకిల్‌కి ఇంతకంటే మంచి రిమ్ బ్రేకు లేదు. ఊరికే రాలేదు ఆ బలం, రబ్బరు కదిలే దూరం తగ్గింది. చక్రం ఒకటి రెండు మిల్లీమీటర్లు వంకరైనా రాసుకోవడం మొదలవుతుంది. వెడల్పు టైరు ఇందులో పట్టదు.

వెడల్పు టైరు అవసరమైనవాళ్లకి ఫోర్కుకే రెండు వైపులా మొలకల్లాంటి ఇరుసులు అతికించి, వాటి మీద చెరో ఆర్మ్ నిలబెట్టారు. ఇందులో రెండు రకాలు. పాతది క్యాంటీలీవర్: రెండు ఆర్ములనూ కలుపుతూ టైరు పైన ఒక అడ్డ వైరు, దాని నడుమను పైకి లాగే అసలు వైరు. ఆ అడ్డ వైరు కోణాన్ని బట్టి బ్రేకు స్వభావమే మారిపోతుంది. రెండు వైర్లనీ కలిపే కొక్కేన్ని కిందికి దించి అడ్డ వైరుని దాదాపు పడుకోబెడితే బలం పెరుగుతుంది, రబ్బరు కదలిక తగ్గుతుంది. పైకెత్తి కడితే కదలిక ఎక్కువ, పట్టు తక్కువ. తెలిసిన చేతిలో ఇది బంగారం లాంటి సౌలభ్యం, తెలియని చేతిలో ఎప్పుడూ సగం పట్టే బ్రేకు. ఒక ప్రమాదం కూడా ఉంది. అసలు వైరు తెగితే అడ్డ వైరు కిందపడి ముందు టైరు గుబ్బల్లో చిక్కుకుంటుంది, చక్రం ఒక్కసారిగా బిగుసుకుంటుంది. ముందు మడ్‌గార్డో రిఫ్లెక్టర్ క్లిప్పో ఉంటే అది వైరుని ఆపుతుంది. క్యాంటీలీవర్ ఉన్న సైకిల్ నుంచి ఆ క్లిప్పుని అందం కోసం పీకేయకండి.

రెండోది వి-బ్రేకు, మన దగ్గర ఎక్కువ సైకిళ్ల మీద ఉన్నది. షిమానో 1996లో ఈ పేరుతో జనంలోకి తెచ్చింది. అడ్డ వైరు లేదు. రెండు పొడుగాటి ఆర్ములు నిటారుగా ఉంటాయి, ఒకదాని కొస నుంచి వంపు తిరిగిన చిన్న లోహపు గొట్టంలోంచి వైరు వచ్చి రెండోదాన్ని లాగుతుంది. ఇరుసు నుంచి వైరు వరకూ సుమారు 100 మిల్లీమీటర్లు, ఇరుసు నుంచి రబ్బరు వరకూ పాతిక చిల్లర. అంటే వైరుని ఒక వంతు బలంతో లాగితే ఒక్కో రబ్బరు సుమారు నాలుగు వంతుల బలంతో నొక్కుతుంది. రెండు వేళ్లతో సైకిల్ ఆగుతుంది. మరి ఆ బలం ఎక్కడిది? రబ్బరు ఒక్కో మిల్లీమీటరు కదలాలంటే వైరు ఎనిమిది మిల్లీమీటర్లు పోవాలి, ఎందుకంటే నాలుగు రెట్ల చొప్పున రెండు ఆర్ములనీ కదపాలి. కాబట్టి వి-బ్రేకు లివరు పాత లివరు కంటే సుమారు రెట్టింపు వైరు లాగేలా చేశారు.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. కడప నుంచి వచ్చి వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక తమ్ముడు తన హైబ్రిడ్ సైకిల్‌కి వంపు తిరిగిన రేసు హ్యాండిల్ వేయించుకున్నాడు. హ్యాండిల్‌తో పాటు రేసు లివర్లూ వచ్చాయి, కింద వి-బ్రేకులు అలాగే ఉన్నాయి. "అన్నా, లివరు హ్యాండిల్‌ని ముద్దు పెట్టుకుంటోంది కానీ సైకిల్ ఆగట్లేదు, వైరు మార్పించినా అంతే" అన్నాడు. వైరు తప్పేం లేదు. రేసు లివరు తక్కువ వైరు లాగుతుంది, వి-బ్రేకు ఎక్కువ అడుగుతుంది. రబ్బరు రిమ్ముకి చేరేలోపే లివరు ప్రయాణం అయిపోతోంది. చేరేంత దగ్గరికి బిగిస్తే చక్రం కాస్త ఊగినా రాసుకుంటుంది. ఇలాంటి సైకిల్‌కి ఆర్ములు పొట్టిగా ఉండే మినీ వి-బ్రేకులు వేయాలి, లేదా వి-బ్రేకుకి సరిపడా వైరు లాగే రేసు లివర్లు వెతకాలి. తలకిందులుగా చేస్తే ఇంకో రకం మోసం జరుగుతుంది: వి-బ్రేకు లివరుని క్యాలిపర్‌కో క్యాంటీలీవర్‌కో కలిపితే లివరు భలే గట్టిగా, రాయిలా తగులుతుంది, షాపులో నొక్కి చూసినవాడు బ్రేకు అద్భుతం అనుకుంటాడు. రోడ్డు మీదికి వెళ్తే ఎంత పిండినా సైకిల్ మెల్లగా ఆగుతుంది. లివరు గట్టిగా తగలడం పట్టుకి గుర్తు కాదు, చాలాసార్లు పట్టు లేకపోవడానికే గుర్తు. సెకండ్ హ్యాండ్ సైకిల్ కొనేటప్పుడు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు.

మిగిలిన రకాలు మనకి అరుదు. బీఎంఎక్స్ సైకిళ్ల వెనక కనిపించే యు-బ్రేకు ఇరుసులు రిమ్ముకి పైన ఉంటాయి, విన్యాసాలకి సరే. జర్మనీ కంపెనీ మగురా చేసే నూనె రిమ్ బ్రేకు రబ్బర్లను పిస్టన్లతో నేరుగా నెడుతుంది, వైరు రాపిడి అంటూ ఉండదు. రాళ్ల మీద గెంతే ట్రయల్స్ ఆటగాళ్లకి దానంటే ప్రాణం. మన వీధి చివర షాపులో దానికి విడి భాగాలు దొరకవు కాబట్టి ఆఫీసుకి వెళ్లే సైకిల్‌కి నేను చెప్పను.

ఇప్పుడు వాన. బెంగళూరులో ఏప్రిల్ నుంచే సాయంత్రం కుండపోతలు మొదలవుతాయి, సరిగ్గా ఆఫీసు నుంచి బయల్దేరే వేళకి. తడిసిన రిమ్ము మీద రబ్బరు మొదట చేసే పని ఆపడం కాదు, నీళ్లు తుడవడం. రోడ్ సైకిళ్లకి మామూలుగా ఉండే 700సీ సైజు చక్రం ఒక్క చుట్టు తిరిగితే సైకిల్ సుమారు 2.1 మీటర్లు ముందుకు పోతుంది. రెండు చుట్లు తుడవడానికే పోతే పొడి రోడ్డు మీద పూర్తిగా ఆగాల్సిన దూరం అక్కడే కరిగిపోయింది. అల్యూమినియం రిమ్ము ఆ తర్వాత పట్టు అందుకుంటుంది. క్రోమియం పూత ఉక్కు రిమ్ము అందుకోదు, నునుపు మీద నీటి పొర అలాగే నిలుస్తుంది. పూర్వం ఉక్కు రిమ్ముల కోసం తోలు ముఖం వేసిన బ్రేకు రబ్బర్లు అమ్మేవారు, కారణం ఇదే. ఉక్కు రిమ్ము మీద ఎంత ఖరీదైన బ్రేకు బిగించినా వానలో దండగ. పాత సైకిల్‌ని బాగుచేయించాలనుకుంటే డబ్బు ముందు అల్యూమినియం రిమ్ముల మీద పెట్టండి, బ్రేకు తర్వాత. వాన పడుతున్నప్పుడు ముందు సిగ్నల్ ఎర్రబడేలా ఉందనిపించగానే లివర్లను తేలిగ్గా ఆనించి రిమ్ము తుడిచి ఉంచుకుంటే, అవసరం వచ్చేసరికి పట్టు సిద్ధంగా ఉంటుంది.

రబ్బరు రకం కూడా బ్రేకు రకమంత ముఖ్యం. సైకిల్‌తో పాటు వచ్చే నల్లటి గట్టి రబ్బరుని ఒకసారి విప్పి వెలుతురులో చూడండి. వానాకాలం గడిచాక దాని ముఖం మీద చిన్న చిన్న మెరుపులు కనిపిస్తాయి. అవి రిమ్ము నుంచి లేచి రబ్బరులో దిగబడ్డ అల్యూమినియం రజను. నొక్కినప్పుడల్లా కిర్రుమనే శబ్దం వాటిదే. ఆ రబ్బరు ఇక ఆకురాయిలా రిమ్ముని చెక్కేస్తుంది. గుండుసూది మొనతో ఒక్కొక్కటీ పెకిలించి, గరుకు కాగితం మీద నాలుగు రుద్దులు రుద్ది మళ్లీ బిగించండి. తడిలో బాగా పట్టేలా చేసిన మెత్తటి రబ్బర్లు, కూల్‌స్టాప్ వాళ్ల గులాబీ నారింజ రంగువి లాంటివి, వేసుకుంటే అదే పాత బ్రేకు కొత్తదానిలా మారుతుంది. ఉన్న బ్రేకు నచ్చక డిస్క్ సైకిల్ కొందామనుకునేవాళ్లకి నేను ముందు చెప్పేది రబ్బర్లూ వైర్లూ మార్చి చూడమనే.

బిగించడంలోనూ రకాన్ని బట్టి తేడా ఉంది. వి-బ్రేకు, క్యాంటీలీవర్‌ల ఇరుసు రిమ్ముకి కింద ఉంటుంది, కాబట్టి రబ్బరు అరిగేకొద్దీ అది రిమ్ము మీద కిందికి జారుతుంది. చివరికి రిమ్ము అంచు దాటి చువ్వల వైపు దూరిపోవచ్చు. వీటిని మొదట కాస్త పైకి బిగించాలి. ఒకే ఇరుసు క్యాలిపర్ పైనుంచి వేలాడుతుంది, అక్కడ రబ్బరు అరిగేకొద్దీ పైకి, టైరు వైపుకి పోతుంది. టైరు పక్కని కోసేస్తే ట్యూబు పేలుతుంది. వాటిని కాస్త కిందికి బిగించాలి. కీచుమంటుంటే రబ్బరు ముందు కొస ముందుగా ఆనేలా, వెనక కొస దగ్గర విజిటింగ్ కార్డు మందం పెట్టి బిగిస్తే చాలావరకు తగ్గుతుంది.

వారాంతాల్లో నంది కొండ ఎక్కేవాళ్లకి ఇంకో లెక్క. కొండ ఎత్తు సముద్ర మట్టానికి 1,478 మీటర్లు, కింది నుంచి ఎక్కేది సుమారు 400 మీటర్లు. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలైతే దిగేటప్పుడు వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు 3 లక్షల 14 వేల జౌళ్లు, లీటరు నీళ్లని మామూలు వేడి నుంచి మరిగించడానికి చాలేంత. అందులో గాలి ఎంత తీసుకుంటే బ్రేకుకి అంత మిగులు. రిమ్ బ్రేకులో ఆ వేడంతా పుట్టేది ట్యూబు పక్కనే. భయంతో పైనుంచి కిందిదాకా లివరు వదలకుండా మెల్లగా దిగేవాళ్లే రిమ్ముని ఎక్కువ కాలుస్తారు, ఎందుకంటే ఆ వేగంలో గాలి ఏమీ తీసుకోదు. మలుపుకి ముందు నిటారుగా కూర్చుని గట్టిగా వేగం తగ్గించండి, మలుపు దాటాక వదిలేయండి. తిన్నటి చోట రిమ్ము చల్లారుతుంది. కార్బన్ రిమ్ములున్నవాళ్లు ఇది మరీ జాగ్రత్తగా పాటించాలి, వేడికి వాటి జిగురు మెత్తబడుతుంది, వాటికి వేరే రబ్బర్లే వాడాలి.

డిస్క్‌తో పోలిస్తే రిమ్ బ్రేకుకి నిజమైన లోటు ఒకటుంది: అరిగేది చక్రమే. డిస్క్ అరిగితే రేకు ఒకటి మారుస్తాం, ఇక్కడ రిమ్ము గోడే పలచబడుతుంది. లోపల గాలి బయటికి తోస్తూ ఉంటుంది, ఒకరోజు ఆ గోడ చీలి విచ్చుకుంటుంది. చాలా రిమ్ముల మీద చుట్టూ సన్నటి గాడి గానీ చిన్న గుంట గానీ ఉంటుంది. అది కనిపించకుండా పోయిందంటే రిమ్ము మార్చే టైమొచ్చినట్టే. గుర్తులు లేని రిమ్ము అయితే టైరులో గాలి ఉండగా స్టీలు స్కేలు అంచుని రిమ్ము పక్కకి నిలువుగా ఆనించి, వెనక నుంచి ఫోన్ టార్చి వేయండి. నడుమ సందులోంచి వెలుగు గట్టిగా కనిపిస్తే గోడ లోపలికి అరిగింది. ముందు చక్రం తొందరగా అరుగుతుంది, బురదలో తిరిగే సైకిల్‌ది ఇంకా తొందరగా. ఏటా వానలు తగ్గాక, దసరాకి బళ్లు కడిగి పూజ చేసే రోజుల్లో, సైకిల్‌ని కూడా తలకిందులుగా నిలబెట్టి రెండు చక్రాలకీ ఈ పరీక్ష చేయండి.